ఓడ వడ్రంగుల కూలి లెక్క

పోయిన సంచికలో పాతకాలపు అమెరికా రేవుల గురించి రెండు పేరాలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి శీర్షికంతా వాటికే కేటాయిస్తున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్ఫై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి వచ్చినవాణ్ణి. ఈ కూలి గొడవల మీద నాకింత మోజు ఎందుకు పట్టుకుందో మధ్యలో ఎక్కడో చెబుతాను.

ప్రశ్న: సార్, అమెరికా ఇంకా ఇంగ్లిష్‌వాళ్ళ కాలనీగా ఉన్న రోజుల్లో ఓడలు కట్టే వడ్రంగులకి మహా గిరాకీ ఉండేదని మీరే రాశారు. గిరాకీ ఉన్నవాడు అడిగినంత ఇవ్వాల్సిందే కదా! మరి కూలి కోసం పోట్లాట దేనికి? (ఒక పాలిటెక్నిక్ విద్యార్థి)

జవాబు: నీ లెక్క బాగానే ఉంది అబ్బాయీ. కానీ కూలి ఇచ్చేవాళ్ళే చట్టాలు కూడా చేస్తుంటే ఆ లెక్క అంత సాఫీగా నడవదు. మసాచుసెట్స్‌లో ఇంగ్లిష్‌వాళ్ళు దిగీ దిగగానే, 1630లోనే, అక్కడి పెద్దలు కూర్చుని ఒక తీర్మానం చేశారు. వడ్రంగి కానీ, తాపీ మేస్త్రి కానీ, దుంగలు కోసేవాడు కానీ, రోజుకి 2 షిల్లింగులకు మించి పుచ్చుకోకూడదు. మించితే ఇచ్చినవాడికీ జరిమానా, పుచ్చుకున్నవాడికీ జరిమానా. ఇచ్చినవాడికి కూడా ఎందుకంటే, పనివాడు దొరక్క వీళ్ళలోవాళ్ళే చాటుగా ఎక్కువిచ్చి లాక్కుపోతారన్న సంగతి వాళ్ళకి బాగా తెలుసు. ఏడాది తిరక్కుండానే ఆ కట్టడి ఎత్తేశారు. 1633లో మళ్ళీ తెచ్చారు. సొంత తిండి తినే మంచి పనివాడికి 2 షిల్లింగులు, యజమాని దగ్గర తినేవాడికి 14 పెన్నీలు. షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి తిండి పేరు మీద 10 పెన్నీలు కోత. అంత ఖరీదైన భోజనం ఏం పెట్టారో మరి!

ఈ చట్టాల వెనక ఉన్న పెద్దమనుషుల్లో గవర్నర్ జాన్ విన్‌త్రాప్ ఒకడు. ఆయనకి సొంత ఓడ కూడా ఉండేది. మిస్టిక్ నది ఒడ్డున కట్టించి 1631 జూలై 4న నీళ్ళలోకి దింపాడు. అంటే ఆయనా వడ్రంగులకి కూలి లెక్కపెట్టినవాడే. ఆయన రోజూ రాసుకున్న పుస్తకంలో 1645 నాటి ముచ్చటొకటి ఉంది. ఒక రైతు తన పనివాడికి జీతం ఇవ్వడానికి ఎడ్లజతను అమ్ముకోవాల్సి వచ్చింది. ఇక నిన్ను ఉంచుకోలేను, వచ్చే ఏడు జీతం ఎక్కణ్ణుంచి తేను అన్నాడట. ఇంకా పశువులు ఉన్నాయిగా, అవి అమ్మండి అన్నాడట పనివాడు. అవీ అయిపోతేనో అని రైతు అడిగితే, అప్పుడు మీరు నా దగ్గర పనికి చేరండి, మీ పశువులు మీకు తిరిగి వస్తాయి అన్నాడట. విన్‌త్రాప్ దీన్ని పనివాళ్ళ పొగరుకి ఉదాహరణగా రాసుకున్నాడు. నాకు మాత్రం చదివిన ప్రతిసారీ నవ్వొస్తుంది.

ఇక కూలి ఎంత అన్నది ఒక గొడవైతే, ఏ రూపంలో ఇస్తారన్నది ఇంకో గొడవ. అక్కడ చేతిలో నాణెం ఆడేది తక్కువ. ఓడ కట్టించే వర్తకుడు యార్డు, అంటే ఓడలు కట్టే చోటు, మేస్త్రికి కొంత డబ్బు, కొంత బట్టలు, సామాన్లు, కొంత వెస్టిండీస్ నుంచి వచ్చిన రమ్మూ బెల్లప్పాకం ఇచ్చేవాడు. మేస్త్రి పనివాళ్ళకి ఫలానా దుకాణానికి అని చీటీ రాసిచ్చేవాడు. దుకాణదారు ఆ చీటీకి తను చెప్పిన ధరకి, తన దగ్గర అమ్ముడుపోకుండా పడున్న సరుకు అంటగట్టేవాడు. కాగితం మీద కూలి కూలిగానే ఉంటుంది, ఇంటికొచ్చేసరికి చిక్కిపోతుంది. 1741లో బోస్టన్ కాల్కర్లు, అంటే ఓడ పలకల సందులు పూడ్చే పనివాళ్ళు, ఒక మాట మీద నిలబడి, ఇకమీదట దుకాణం చీటీలు ముట్టుకోం, కూలి డబ్బుగానే ఇవ్వాలి అని ఒప్పందం రాసుకున్నారు. రేటు పెంచమని కూడా అడగలేదు చూశావా, ఉన్న రేటు నిజంగా చేతికి అందాలన్నారు, అంతే.

ఇన్ని బాధలున్నా ఇంగ్లండులో కంటే అక్కడే కూలి మెరుగు. 1724లో లండన్ థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టే మేస్త్రులు, న్యూ ఇంగ్లండు (మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల కాలనీలు) వల్ల మా వ్యాపారం పోతోంది, మా పనివాళ్ళు అటు వలసపోతున్నారు అని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. అడవి పక్కనే ఉండటంతో కలప చవక. కూలి ఎక్కువైనా ఓడ మొత్తం మీద చవగ్గానే తేలేది.

ప్రశ్న: కాల్కింగ్ అంటే సందుల్లో తారు పూయడమేగా? దానికి అంత నైపుణ్యం ఏముంటుందండీ? మా ఇంట్లో బాత్రూమ్ పనికొచ్చిన కుర్రాడు ట్యూబుతో పావుగంటలో పూసి వెళ్ళాడు. (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. ఓసారి మేరీలాండ్‌లో చెక్క పడవలు బాగుచేసే చిన్న యార్డుకి వెళ్ళాను. అక్కడో పెద్దాయన, నా మాట విని, ఏమీ అనకుండా కొయ్య సుత్తీ వెడల్పాటి ఉలీ నా చేతికిచ్చాడు.

ఓడ పలకలు రెండు పక్కపక్కన బిగించాక వాటి మధ్య బయటివైపు వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఒక సందు వదులుతారు. అందులోకి ఓకం దట్టించాలి. ఓకం అంటే పాత తారుతాళ్ళను విప్పి, పీకి తీసిన పీచు. అప్పట్లో జైళ్ళలో ఖైదీల చేత, బీదల ఆశ్రమాల్లో ముసలివాళ్ళ చేత పీకించేవాళ్ళు. గోళ్ళు ఊడిపోయే పని అది. ఆ పీచును పేనినట్టు చేసుకుంటూ, ఉలి మొనతో సందులోకి నెట్టి, సుత్తితో కొడుతూ ముందుకి జరగాలి. ఒక వరస పైన ఇంకో వరస. ఆ పైన కాగే తారు పోసి మూసేయాలి.

నేను పది నిమిషాలు కొట్టాక ఆ పెద్దాయన వేలితో తడిమి, మొత్తం పీకి అవతల పారేశాడు. వదులుగా కొడితే సముద్రం నీళ్ళు పీచును బయటికి లాగేస్తాయట. గట్టిగా కొడితే ఇంకా ప్రమాదం, తర్వాత నీళ్ళలో పలకలు ఉబ్బినప్పుడు చోటు చాలక, పలక మేకుల్ని పెరుక్కుని పైకి లేస్తుంది. ఎంత కొట్టాలన్నది చూపుకి అందదు. చెవితో పట్టాలి. సందు నిండుతున్నకొద్దీ సుత్తి చప్పుడు మారుతుంది. ఆయన కొడుతుంటే గంట కొట్టినట్టు ఖంగుమంది. నేను కొడితే తలుపు తట్టినట్టు మోగింది.

ఆ చెవి కోసమే కాల్కర్‌కి కూలి. ఓడ ఎంత బాగా కట్టినా, ఆఖరున వీళ్ళు సరిగ్గా కుక్కకపోతే రేవు దాటదు. పైగా ఓడ నీళ్ళలోకి దిగే తేదీ దగ్గరపడ్డాక పనికి దిగుతారు కాబట్టి, వీళ్ళు చెయ్యి ఆపితే వర్తకుడికి టెన్షన్ పట్టుకుంటుంది. కూలి పోరాటాల్లో వీళ్ళ పేరు ఇన్నిసార్లు ముందు ఎందుకొస్తుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ప్రశ్న: "1840లో అమెరికాలో పది గంటల పనిదినం వచ్చింది" అని పోయిన సంచికలో రాశారు. అది నిజమైతే ఆ తర్వాత కూడా మిల్లుల్లో పన్నెండూ పదమూడూ గంటలు ఎందుకు పనిచేశారు? (విశ్రాంత ఉపాధ్యాయిని)

జవాబు: తప్పు నాదే టీచరుగారూ, క్షమించాలి. 1840 మార్చి 31న ప్రెసిడెంట్ మార్టిన్ వాన్ బ్యూరెన్ ఇచ్చిన ఉత్తర్వు ప్రభుత్వ పనులకు మాత్రమే వర్తిస్తుంది. నేవీ యార్డులు అందులోకి వస్తాయి, ప్రైవేటు మిల్లులు రావు. ఆ ఒక్క మాట రాయకుండా వదిలేశాను.

ఆ ఉత్తర్వు ఊరికే రాలేదు. అంతకుముందు యార్డుల్లో గడియారం అంటే సూర్యుడే. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా పని. బోస్టన్‌లో నడి వేసవిలో వెలుతురు పదిహేను గంటలుంటుంది. మధ్యలో తిండికి వదిలే వేళలు తీసేసినా నడుం విరిగే రోజే. రోజుకూలీ మాత్రం పొద్దు సాగినంత సాగదు కదా. అందుకే పని గంటలు తగ్గించమనడం కూడా కూలి గొడవే.

1832లో బోస్టన్ ఓడ వడ్రంగులూ కాల్కర్లూ పది గంటల కోసం సమ్మె కట్టారు. వర్తకులూ ఓడల యజమానులూ సభ పెట్టుకుని, ఈ సంఘంలో ఉన్నవాణ్ణెవణ్ణీ పనిలో పెట్టుకోమని ప్రతిజ్ఞ చేశారు. వాళ్ళని లొంగదీయడానికి 20,000 డాలర్లు పోగుచేశారు. రోజుకి డాలరో రెండో తెచ్చుకునే మనుషుల మీద అంత సొమ్ము! పనివాళ్ళే ఓడిపోయారు. న్యూయార్క్‌లో ఈస్ట్ రివర్ యార్డుల వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1830ల్లో తమదే ఒక గంట పెట్టుకున్నారు. మెకానిక్స్ బెల్ అని పేరు. అది మోగితే పని మొదలు, అది మోగితే పని ఆఖరు. యజమాని జేబుగడియారం ఏం చెబుతోందో చూడాల్సిన పని లేదు. నాకైతే ఈ మొత్తం కథలో ఆ గంటే ముద్దుగా ఉంటుంది.

వాషింగ్టన్ నేవీ యార్డులో 1835 జూలై 29న మొదలైన సమ్మె కథ వేరు. ఒక కమ్మరి దగ్గర యార్డు రాగి సామాను దొరికింది. కమాండెంట్ ఐజాక్ హల్ దొంగతనం ఆపుతానని చెప్పి, మధ్యాహ్నం అన్నం బుట్టలు పట్టుకుని షెడ్లలోకి రాకూడదన్నాడు. ఒకడు చేసిన పనికి అందర్నీ దొంగల్లా చూస్తారా అని పనివాళ్ళు బయటికొచ్చారు. పది గంటల డిమాండూ దాంట్లో కలిసింది. పదిహేను రోజులపైనే సాగింది. కానీ ఆ కోపం ఎటు తిరిగిందో వింటే మనసు చివుక్కుమంటుంది. యార్డులో తమ పక్కన పనిచేసే నల్లవాళ్ళ మీదికి మళ్ళింది. ఊళ్ళో బెవర్లీ స్నో అనే నల్లజాతి వ్యక్తి నడుపుతున్న రెస్టారెంటును అల్లరిమూక ధ్వంసం చేసింది. ఆయన ఊరు విడిచి పారిపోయాడు.

ఇదంతా చూసి రాసుకున్నవాడు ఒకడున్నాడు, మైకేల్ షైనర్. ఆ యార్డులోనే రంగుల పని చేసే బానిస. అప్పటికి రెండేళ్ళ ముందు, 1833లో, ఆయన భార్యనీ ముగ్గురు పిల్లల్నీ బానిసల వ్యాపారులకి అమ్మేస్తే నానా తంటాలూ పడి విడిపించుకున్నాడు. తర్వాత తనూ విడుదలయ్యాడు. తన పద్ధతిలో తనకొచ్చిన స్పెల్లింగుతో డైరీ రాశాడు. అందులో వాన్ బ్యూరెన్ ఉత్తర్వు గురించి ఎంత మురిసిపోయాడో! పనిచేసుకు బతికే ప్రతివాడి గుండెలోనూ ఆ ప్రెసిడెంట్ పేరు రాసుకోవాలన్నాడు. ఏళ్ళ తరబడి తన కష్టం వేరొకడికి పోయిన మనిషి, పది గంటలకి పని ఆపడం అంటే ఏమిటో మనకంటే బాగా ఎరిగినవాడు.

ప్రశ్న: యార్డుల్లో పనివాళ్ళకి రోజూ రమ్ము పోసేవారట, నిజమేనా? (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: నిజమే, మీరు పేరెందుకు వద్దన్నారో కూడా తెలిసింది. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పని ఆపి పోసేవాళ్ళు. అదీ కూలిలో భాగమే అన్నట్టు నడిచేది. 1817లో బోస్టన్ దగ్గరి మెడ్‌ఫర్డ్‌లో థాచర్ మగూన్ అనే యజమాని తన యార్డులో దాన్ని ఆపేశాడు. షెడ్డు చెక్కల మీదా, యార్డులో పడున్న దూలాల మీదా "రమ్ లేదు, రమ్ లేదు" అని రాయించేశారు. కొందరు అలిగి పని మానేశారు, తర్వాత దారికొచ్చారు. చుక్క మందు లేకుండా ఓడ పూర్తయింది.

ప్రశ్న: బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ ఓడల యార్డులో పనిచేశాడని చదివాను. బానిసకి కూలి ఎలా ఇచ్చేవారు? (ఎమ్.ఏ. విద్యార్థిని)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానమ్మా. ఏళ్ళ కిందట మా ఓడ రిపేరు కోసం మేరీలాండ్‌లోని బాల్టిమోర్‌లో ఆగింది. అప్పటికి మాకు మూడు నెలల జీతం బాకీ. అడిగితే, ఏజెంటు రేపూ మాపూ అంటున్నాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తోచక రోజూ ఫెల్స్ పాయింట్ అనే పాత రేవు పేట వీధుల్లో తిరిగేవాణ్ణి. డగ్లస్ కాల్కర్‌గా పనిచేసింది ఆ ఒడ్డునే అని అక్కడి మ్యూజియంలో తెలిసింది. జీతం రానివాడికి ఆ కథ ఎలా తగులుతుందో చెప్పక్కర్లేదు.

1836లో ఆయన్ని విలియం గార్డినర్ అనే ఆయన యార్డులో పని నేర్చుకోవడానికి పెట్టారు. మెక్సికో ప్రభుత్వానికి యుద్ధనౌకలు కడుతున్నారు, జూలైకల్లా నీళ్ళలోకి దించాలి. నేర్పడానికి ఎవడికి తీరిక? డెబ్భై అయిదు మంది వడ్రంగులుంటే అందరూ ఈయనకి యజమానులే. ఒకడు నీళ్ళు తెమ్మంటాడు, ఒకడు దూలం పట్టమంటాడు, ఇంకొకడు సానరాయి తిప్పమంటాడు, అన్నీ ఒకేసారి. అప్పటిదాకా ఆ యార్డులో తెల్లవాళ్ళూ స్వేచ్ఛగా ఉన్న నల్ల వడ్రంగులూ పక్కపక్కనే పనిచేసేవాళ్ళు. హఠాత్తుగా తెల్ల వడ్రంగులు పని ఆపి, నల్లవాళ్ళని తీసేస్తే తప్ప ముట్టుకోమన్నారు. వీళ్ళొస్తే మా పని పోతుందన్నది వాళ్ళ భయం. ఆ సెగ డగ్లస్‌కీ తగిలింది. ఒకరోజు నలుగురు కుర్ర పనివాళ్ళు చుట్టుముట్టి కర్రలతో, రాళ్ళతో కొట్టారు. ఎడమ కన్ను పోయిందనే అనుకున్నారు. చూస్తూ నిలబడ్డ తెల్లవాళ్ళు యాభై మందికి తక్కువ లేరు. డగ్లస్ యజమాని హ్యూ ఆల్డ్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళితే, తెల్లవాడెవడైనా సాక్ష్యం చెబితే తప్ప వారెంటు ఇవ్వలేనన్నాడు. చెప్పడానికి ఒక్కడూ రాలేదు.

ఆ తర్వాత వేరే యార్డులో కాల్కింగ్ నేర్చాడు. ఏడాదిలోనే చేయి తిరిగి, అనుభవమున్న కాల్కర్లకిచ్చే రేటే తెచ్చుకున్నాడు, రోజుకి డాలరున్నర. శనివారం ఆ డబ్బంతా తెచ్చి ఆల్డ్ చేతిలో పోయాలి. ఆరు డాలర్లు తెచ్చిననాడు ఆల్డ్ ఒక్కోసారి ఆరు సెంట్లు తిరిగిచ్చేవాడు, ప్రోత్సాహానికి! నూటికి ఒకటి. డగ్లస్ ఏమన్నాడంటే, ఆ ఆరు సెంట్లు పుచ్చుకున్నప్పుడే ఆ మొత్తం తనదేనన్న సంగతి యజమానికీ తెలుసని అర్థమైందట.

1838లో ఇంకో ఏర్పాటు చేసుకున్నారు. డగ్లస్ తన పని తనే వెతుక్కోవచ్చు, తనే బేరం చేసుకోవచ్చు. ప్రతి వారం మూడు డాలర్లు మాత్రం ఆల్డ్‌కి కట్టాలి. తిండి, బట్ట, పనిముట్లు సొంత ఖర్చు. భోజనం, బసకి రెండున్నర. బట్టల, పనిముట్ల అరుగుదల కూడా వేసుకుంటే అంతా కలిపి వారానికి ఆరు డాలర్లు తేలింది. రోజుకి డాలరున్నర లెక్కన నాలుగు రోజుల కష్టం. వాన పడితే కాల్కింగ్ సాగదు. సందు తడిగా ఉంటే తారు పట్టదు. వానొచ్చినా, పని లేకపోయినా ఆ మూడు డాలర్లు మాత్రం ఆగకూడదు. బానిసని పోషించే బాధ్యత పోయింది, రాబడి మిగిలింది. ఆల్డ్‌కి ఇంతకంటే లాభసాటి బేరం ఏముంటుంది? అయినా డగ్లస్ ఒప్పుకున్నాడు. రాత్రీ పగలూ పనిచేసి కొంత వెనకేసుకున్నాడు. ఒక శనివారం డబ్బు కట్టకుండా ఊరి బయట జరిగే ప్రార్థన సభకి వెళ్ళొచ్చేసరికి ఆల్డ్ మండిపడి ఏర్పాటు రద్దు చేశాడు. అదే ఏడు సెప్టెంబర్ 3న డగ్లస్ పారిపోయాడు.

బాల్టిమోర్ నల్ల కాల్కర్ల కథ అక్కడితో ఆగలేదు. 1865లో తెల్ల పనివాళ్ళు సమ్మె చేసి వాళ్ళని యార్డుల నుంచి వెళ్ళగొట్టించారు. ఐజాక్ మైయర్స్ అనే కాల్కర్ ముందు నిలబడి, షేరు అయిదు డాలర్ల చొప్పున పది వేల డాలర్లు పోగుచేయించి, మరుసటి ఏడాది తమ సొంత యార్డు పెట్టించాడు. చెసపీక్ మెరైన్ రైల్వే అండ్ డ్రై డాక్ కంపెనీ అని పేరు. రైల్వే అంటే రైళ్ళు కాదు, ఓడని నీళ్ళలోంచి ఒడ్డు మీదికి లాగడానికి వేసే ఏటవాలు పట్టాలు. 1884 దాకా నడిచింది. మా మూడు నెలల జీతం సంగతి అడుగుతారేమో, వచ్చింది, ఓడ కదిలే ముందురోజు.

ప్రశ్న: పనిముట్లు యార్డువాళ్ళు ఇచ్చేవారా, పనివాడే తెచ్చుకోవాలా? (వడ్రంగం చేసుకునే పాఠకుడు)

జవాబు: మేస్త్రిగారూ, మీ వృత్తిలోలాగే, ఎవరి పెట్టె వాళ్ళదే. బాడిసె, ఉలులు, సుత్తి అన్నీ పనివాడివే. అందుకే పైన చెప్పిన లెక్కలో పనిముట్ల అరుగుదల డగ్లస్ నెత్తిన పడింది.

ఆయన పారిపోయి మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ చేరాక ఏమైందో మీకు చెప్పాలి. తిమింగలాల వేట ఓడల ఊరు అది. అక్కడ కాల్కర్‌కి రోజుకి రెండు డాలర్లు. ఒక ఓడ యజమాని పనిస్తానన్నాడు. తీరా వెళితే, ఈ నల్లవాడు ఒక్క దెబ్బ కొట్టినా మేమంతా దిగిపోతాం అన్నారు తెల్ల కాల్కర్లు. బానిసత్వం లేని రాష్ట్రంలో! చేతిలో అంత విద్య పెట్టుకుని రోజుకి ఒక డాలరుకి మామూలు కూలిపని చేశాడు. మొదటి సంపాదన ఒక పాస్టరుగారి ఇంటి ముందు పోసిన బొగ్గు లోపలికి చేర్చినందుకు. ఎంత తీసుకుంటావు అని ఇంటావిడ అడిగితే, మీ ఇష్టం అన్నాడు. ఆవిడ రెండు వెండి అర డాలర్లు చేతిలో పెట్టింది. శనివారం లాక్కునేవాడు లేడు.

తర్వాత కట్టెలు కోసే పనికి రంపం ఎరువు తెచ్చుకున్నాడు. దాని చట్రం బిగించడానికి తాడు కావాలి. దుకాణానికి వెళ్ళి "ఒక ఫిప్ తాడు ఇవ్వండి" అన్నాడు. ఫిప్ అంటే మేరీలాండ్ మాట, ఆరుంబావు సెంట్లు. మసాచుసెట్స్‌లో అదే విలువని ఫోర్‌పెన్స్ అనేవారు. దుకాణంవాడు కళ్ళెగరేసి, నువ్వీ ఊరివాడివి కాదే అన్నాడు. డగ్లస్ గుండె జారిపోయింది, దొరికిపోయాననుకున్నాడు. ఏమీ కాలేదు. తాడు తీసుకుని బయటపడ్డాడు.